సంఘం గొంతుకి అందేలా పాట రాయి

అమ్మాయీ,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు పాడి పంపిన పాట చాలాసార్లు విన్నాను. యెషయా 43లోని "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును" అనే మాట మీద కట్టావు. మంచి వాక్యం పట్టుకున్నావు. వానాకాలం వస్తే గోదావరి ఎంత పెరిగిందోనని గట్టు వైపు చూసే మన లంకల విశ్వాసులకి దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఇది సంఘం నోట నిలవాలని నా ఆశ. ఇప్పుడున్న రూపంలో అయితే నువ్వొక్కదానివే పాడగలవు.

ముందు బాణీ సంగతి. పల్లవి మధ్యస్థాయి షడ్జమం (స)లో మొదలై చరణంలో పైస్థాయి పంచమం (ప) దాకా వెళ్ళింది. నీది సాధన చేసిన గొంతు కాబట్టి వెళ్తుంది. ఆదివారం ఆరాధనలో ఆ చోటికి వచ్చేసరికి మగవాళ్ళు ఆగిపోతారు, పెద్దవయసు ఆడవాళ్ళు పెదవులు కదిపి ఊరుకుంటారు. శృతి తగ్గిద్దామంటే పల్లవి వినపడదు. బాణీనే కుదించు. పై రిషభం (రి) దాటకుండా చూసుకో, మహా అయితే గాంధారం (గ) ఒక్కసారి తగలనీ.

ఇక మాటలు. రెండో చరణంలో "అగాధజలప్రవాహమధ్యమున అద్భుతముగా నడిపించితివి" అన్నావు. పల్లె గుళ్ళలో ముందు ఒకరు పాదం అందిస్తే మిగతావాళ్ళు అందుకుంటారు. చదువు రానివాళ్ళు అలా వినే నేర్చుకుంటారు. ఈ పాదం ఒక్క ఊపిరికి అందదు, మొదటి మాటకే నోరు తిరగదు. "నీళ్ళు పొంగిన వేళ నా చెయ్యి పట్టినావు" అని పాడి చూడు. ప్రతి మాటా గురువుతోనే, అంటే బరువుగా పలికే అక్షరంతోనే మొదలవుతోంది, డోలక్ దెబ్బ సరిగ్గా దాని మీద పడుతుంది. దెబ్బ కోసం పొట్టి అక్షరాన్ని సాగదీశామా, వినేవాళ్ళకి మాటే మారిపోతుంది.

పల్లవిలో దేవుణ్ణి "నీవు" అని పిలిచి మూడో చరణంలో "ఆయన" అన్నావు. 23వ కీర్తనలో దావీదు కూడా మారుస్తాడు, కానీ ఎక్కడ? గాఢాంధకారపు లోయలోకి దిగినప్పుడు "ఆయన" పోయి "నీవు" వస్తుంది. కష్టంలో దేవుడు అంత దగ్గరయ్యాడు. నీ పాటలో అలాంటి కారణమేదీ లేదు, ప్రాస కోసం మార్చావు. సరిచెయ్యి.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం దగ్గర పెట్టుకో. అందులో పాట మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి తెలుగులో కీర్తనలు రాశారు. ఏ రాగమో తెలియని అమ్మమ్మలు కూడా ఆయన కీర్తనలు పుస్తకం చూడకుండా పాడతారు. పల్లవి ఎంత చిన్నదో, చరణం చివర మళ్ళీ పల్లవికి ఎలా తిరిగొస్తుందో గమనించు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తోందని కంగారు పడకు. బైబిల్లోని 136వ కీర్తనలో 26 వచనాలున్నాయి, అన్నిట్లోనూ "ఆయన కృప నిరంతరముండును" అనే ఉంది.

సినిమా బాణీల జోలికి వెళ్ళకు. మనసు ఆ సినిమాకే పోతుంది. పైగా ఆ బాణీ మీద హక్కు ఇంకొకరిది.

ఇంకో కోరిక. మన కొత్త పాటల్లో జయం, విజయం, ఆశీర్వాదం కావలసినన్ని ఉన్నాయి. పంట మునిగినవాడు, బిడ్డను భూస్థాపన చేసి వచ్చిన తల్లి ఆదివారం ఏం పాడాలి? 13వ కీర్తన "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. బైబిల్లో ఆ ప్రశ్నకి చోటుంది, మన ఆరాధనలో ఎందుకు ఉండకూడదు? నీ నీళ్ళ పాటకి అలాంటి చరణం ఒకటి చేర్చు. వెంటనే జయధ్వనితో ముగించాలని తొందరపడకు. ఆ ఏడుపును ఒక చరణమంతా ఉండనీ.

స్టూడియో ఖర్చు ఇప్పుడే పెట్టకు. ముందు పాస్టర్ గారికి చూపించు, వాక్యానికి తేడా ఉంటే ఆయన చెప్తారు. తర్వాత స్త్రీల కూడికలో కాగితం ఇవ్వకుండా నేర్పు. మరుసటి వారం నువ్వు ఎత్తుకోకముందే పల్లవి వాళ్ళు ఎత్తుకుంటే పాట నిలిచినట్టే. ఏ మాట దగ్గర తడబడ్డారో రాసుకుని, అది మార్చు.

మార్చిన పాట కీబోర్డు లేకుండా ఉత్త గొంతుతో పాడి పంపు. ఏ శృతిలో పాడావో కూడా చెప్పు.

నీ పెదనాన్న