దోమకు రక్తం రుచి తెలుస్తుందా?

ప్రశ్న: తీపి ఎక్కువగా తినేవారి రక్తం తియ్యగా ఉంటుంది కాబట్టి దోమలు వారినే కుడతాయని, కాకరకాయ తింటే రక్తం చేదెక్కి దోమలు దగ్గరకు రావని మా ఇంట్లో పెద్దలు అంటారు. దోమకు నిజంగా రక్తం రుచి తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తెలుస్తుంది. అయితే అది వెతికేది తీపిని కాదు. ఎవరిని కుట్టాలన్నది చాలావరకు మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు, ఒంటి వాసన, వేడి కలిసి తేలుస్తాయి. రుచి వంతు సూది దిగిన తరువాత వస్తుంది.

దోమలలో కుట్టేది ఆడదే, అదీ గుడ్ల కోసం. ఆకలికి పూల మకరందం చాలు. మనకు కనిపించే తొండం నిజానికి ఒక ఒర. కుట్టేటప్పుడు అది వంగి చర్మం పైనే ఉండిపోతుంది, దానిలోని ఆరు సన్నని సూదుల కట్ట మాత్రమే లోపలికి దిగుతుంది. రక్తాన్ని గుర్తించే నాడీకణాలు ఆ సూది కొసన ఉన్నాయి. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమలో ఈ కణాల తీరును న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2020లో వివరించారు. కొన్ని ఉప్పుకు, కొన్ని వంటసోడాకు, కొన్ని ఎర్రకణాలలో సమృద్ధిగా ఉండే ఏటీపీ అనే, కణాలకు శక్తినిచ్చే రసాయనానికి స్పందిస్తాయి. గ్లూకోజుకు ఉప్పూ సోడా తోడైనప్పుడే పలికే కణాలూ ఉన్నాయి. ఈ నాలుగింటినీ నీటిలో కలిపి, వెచ్చగా, పలుచని పొర కింద ఉంచితే దోమ దానిని రక్తమనుకొని కడుపు నిండా తాగుతుంది. అప్పుడు దాని పొట్ట ఎర్రబడదు, గాజుపూసలా ఉబ్బుతుంది. మకరందమైతే తిత్తిలోకి, రక్తమైతే నేరుగా పేగులోకి వెళుతుంది కాబట్టి తాగేది ఏమిటో దానికి ముందే తెలియాలి.

ఇక చేదు సంగతి. దక్షిణ, మధ్య అమెరికాలలో ఛాగస్ వ్యాధిని వ్యాపింపజేసే రోడ్నియస్ అనే రక్తం తాగే పురుగు మన మంచాల నల్లికి దూరపు చుట్టం. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో ఉన్నంత ఉప్పు, అంటే లీటరుకు సుమారు 9 గ్రాములు ఉంటే, ఏటీపీ కలిసిన నీటిని అది ఇష్టంగా తాగుతుంది. ఉప్పు బాగా తగ్గినా పెరిగినా మానేస్తుంది. ఉప్పు సరిపోయినా చేదుగా ఉండే క్వినైన్‌గానీ కెఫీన్‌గానీ కలిపితే వద్దంటుంది. కాబట్టి ఆ పురుగు చేదును కాదనడం నిజమే. కాకరకాయ కూరతో మన రక్తం చేదెక్కుతుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు. మీ పెద్దలు కూర వండితే, కూర కోసమే తినండి.

చేదు కన్నా ఒంటికి రాసుకునే డీట్ మందు మేలు. దానిని దోమ వాసనతోనే కాక, వాలగానే కాళ్ళతోనూ పసిగట్టి ఎగిరిపోతుందని 2019లో తేలింది. అందుకే చేతులకు పూసుకొని మడమను మరచిపోతే, అది మడమ మీద వాలుతుంది.