మిత్రుడొస్తున్నాడని కార్డు గీకొద్దు

ప్రశ్న: కూకట్‌పల్లిలో అద్దెకుంటాం. జీతం 45 వేలు, అన్నీ పోగా నెలకు ఐదు వేలు మిగులుతాయి. నాతో చదువుకున్న పలాస స్నేహితుడు మే నెలలో భార్యాపిల్లలతో మా ఇంటికి వస్తున్నాడు. నాలుగు రోజులుంటారు. వాళ్లు హైదరాబాద్ చూడటం ఇదే మొదటిసారి. ఫిల్మ్ సిటీకి 13 వేలు, కారుకు 6, బయట తిండికి 4, బట్టలు పెట్టడానికి 5, వాళ్ల తిరుగు రైలుకు 5... మొత్తం 33 వేలు తేలింది. క్రెడిట్ కార్డు వాడి నెలనెలా మినిమమ్ డ్యూ (బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) కట్టుకోనా? పాప స్కూలు ఫీజుకని నెలనెలా కడుతున్న రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) తీసేయనా?

జవాబు: రెండూ వద్దు. తప్పదంటే ఆర్‌డీయే నయం, వడ్డీలో కొంత కోత పడుతుంది, అంతే. కానీ జూన్‌లో బడి తెరవగానే ఆ ఫీజు ఎక్కడినుంచి తెస్తారు?

కార్డు సంగతి చూడండి. నెలకు మూడున్నర శాతం అనుకుంటే 33 వేల మీద వడ్డీ 1,155 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,363. మినిమమ్ డ్యూ ఐదు శాతం, అంటే 1,650 కట్టారనుకోండి, అసలులో తగ్గేది 287 రూపాయలే! పైగా పాత బాకీ ఉండగా కిరాణాకు కార్డు వాడినా దానికీ ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డు బాకీతో నా దగ్గరికి వచ్చేవాళ్లను కదిపితే, చాలాసార్లు మొదలు ఇలాంటి అతిథి మర్యాదే.

అసలు ఈ జాబితా ఎవరు రాశారు? మీ స్నేహితుడు ఫిల్మ్ సిటీ అడిగాడా, మీరే అనుకున్నారా? ఒక్క ఫోన్ చేసి అడగండి. పిల్లలు పట్టుబడితే టికెట్లు ఎవరివి వాళ్లు తీసుకుందామని ఇప్పుడే చెప్పేయండి. చిన్ననాటి స్నేహితుడి దగ్గర మొహమాటమేంటి?

నేనైతే 12 వేలకు కుదిస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నెలకు నాలుగు వేలు పక్కన పెడితే చేతిలో ఉంటుంది. కారు అక్కర్లేదు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే మారే పని లేకుండా మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దగ్గర దిగుతారు. పలాస పిల్లలకు ఆ రైలే సగం వినోదం. అక్కడినుంచి సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ ఆటోకు దగ్గర. శుక్రవారం మాత్రం వెళ్లకండి, మ్యూజియానికి సెలవు. గోల్కొండ మే ఎండలో ఎక్కించకండి, సాయంత్రం పెట్టుకోండి. బస్సుల్లో మీ ఆవిడకు ఆధార్‌లో తెలంగాణ అడ్రసు ఉంటే ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకంలో జీరో టికెట్ వస్తుంది. మీ స్నేహితుడి భార్యకు రాదు, ఆంధ్ర అడ్రసు కదా. అక్కడి ఉచిత బస్సు ఇక్కడా ఉంటుందనుకుని ఆవిడ కండక్టర్ ముందు ఇబ్బంది పడకుండా ముందే చెప్పండి.

బట్టలకు రెండున్నర వేలు చాలు, చీర ఆవిడకు, ఏదో ఒకటి పిల్లలకు. మూడు పూటలూ బయట తినిపించడం మర్యాద కాదు, ఒక పూట బిర్యానీ చాలు. ఆ బిల్లు తను కడతానంటే కట్టనివ్వండి. వాళ్లు ఎలాగూ జీడిపప్పు మూటతోనే దిగుతారు, ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉంటేనే మళ్లీ రావాలనిపిస్తుంది.

రైలు టికెట్లు వాళ్లవే, మీ లెక్కలోంచి తీసేయండి. ఫోన్ చేసినప్పుడు ఈ మాట కూడా చెప్పండి: రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, వేసవి రద్దీలో ఆలస్యం చేస్తే వెయిటింగ్ లిస్టే. రానూపోనూ రెండూ మార్చిలోనే తీసుకోమనండి.