కౌంటర్లు వంగిపోవడం తయారీ లోపమా, విశాఖ గాలి ప్రభావమా?

మీ ప్రశ్నలో మూడు ఫిర్యాదులు ఉన్నాయి. విదేశం నుంచి తెప్పించుకున్న వార్‌గేమ్ (బోర్డు మీద ఆడే యుద్ధపు ఆట) పెట్టెలో కౌంటర్ షీట్లు, అంటే సైనిక దళాలకు గుర్తుగా బోర్డు మీద జరిపే చిన్న చదరపు అట్టముక్కలను విడదీసే షీట్లు, వంగి ఉన్నాయి, కొన్ని కౌంటర్ల మీద అంకెలు అంచుకు జరిగిపోయాయి, అట్ట పలచగా ఉంది కాబట్టి ఇంత ధర దండగేమో అని అడిగారు. ఈ మూడింటిలో నికరంగా తయారీ లోపం అనదగినది రెండోది ఒక్కటే. మొదటిది చాలావరకు మన ఊరి తేమ చేసిన పని, మూడోదాన్ని నేను లోపంగా లెక్కించను. విశాఖ డాబాగార్డెన్స్‌లో పెళ్లి పత్రికలూ మిఠాయి పెట్టెలూ తయారుచేసే ఒక ప్రెస్సులో చాలాకాలం డై పంచింగ్ (బ్లేడ్ల అచ్చుతో నొక్కి అట్ట కోసే) పని చూసుకున్న తర్వాత ఈ ఆటల్లోకి వచ్చినవాడిని కాబట్టి, కౌంటర్ చేతికి రాగానే నా కన్ను దాని మీది బొమ్మ కంటే ముందు దాని అంచు మీదికి పోతుంది.

కౌంటర్ షీటు తయారయ్యే పద్ధతి తెలిస్తే ఏ తప్పు ఎక్కడ జరిగిందో మీరే చెప్పగలరు. ముందు వైపు, వెనుక వైపు వేరువేరుగా ఆఫ్‌సెట్‌లో ముద్రించిన రెండు కాగితాలను బైండింగ్ వాళ్లు కప్పా బోర్డు అనే బూడిదరంగు అట్టకు చెరోవైపు అతికించి, పూర్తిగా ఆరనిచ్చి, ప్లైవుడ్‌లో ఉక్కు బ్లేడ్లు బిగించిన డై కింద పెట్టి నొక్కుతారు. అంటే ముద్రణలో, పేస్టింగ్‌లో, పంచింగ్‌లో, మూడు చోట్ల జారడానికి అవకాశం ఉంది. అర అంగుళం కౌంటర్ అంటే 12.7 మిల్లీమీటర్లు. పెళ్లి పత్రికలో 1 మిల్లీమీటరు జరిగితే పెళ్లికూతురి తండ్రి కూడా పట్టించుకోడు గానీ, ఈ చిన్న ముక్కలో అది వెడల్పులో సుమారు 8 శాతం. పైగా దాడి బలం, రక్షణ బలం, కదలిక అంకెలను కింది అంచుకు దగ్గరగా వేయడం ఈ ఆటల్లో చాలాకాలంగా ఉన్న అలవాటు కనుక, జరిగిన ఆ కాస్తా నేరుగా అంకెనే కోసేస్తుంది.

మీ షీటును కిటికీ వెలుతురులో పెట్టి రెండు వైపులా చూడండి. ముందు వైపు అన్నీ మధ్యలో ఉండి వెనుక వైపు మాత్రమే జరిగి ఉంటే అది పేస్టింగ్ తప్పు. రెండు వైపులా ఒకే అంచు దిక్కుగా, షీటంతా సమానంగా జరిగి ఉంటే డై సరిగా కూర్చోలేదని అర్థం. షీటుకు ఒక చివర సరిగా ఉండి, పోనుపోను తేడా పెరుగుతూ ఉంటే కాగితమే ముద్రణకూ పేస్టింగ్‌కూ మధ్య సాగింది. సమానంగా జరిగిన అర మిల్లీమీటరును నేను క్షమిస్తాను. అంకె తెగితే మాత్రం క్షమించను, ఎందుకంటే 8 అంకె 3 లాగా కనిపించే కౌంటర్‌తో ఆడటం కంటే ఆడకపోవడం నయం.

ఇక మందం సంగతి. ఈ మధ్య ప్రకటనల్లో 2 మిల్లీమీటర్ల అట్ట అని గొప్పగా చెప్పుకుంటున్నారు, కొనేవాళ్లూ దాన్నే నాణ్యత అనుకుంటున్నారు. లెక్క వేసి చూడండి: అర అంగుళం కౌంటర్లు ఆరింటిని ఒకదానిమీద ఒకటి పేర్చితే 2 మిల్లీమీటర్ల మందంతో ఎత్తు 12 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే దాదాపు దాని వెడల్పంత ఎత్తు. పక్క హెక్స్‌లోని (బోర్డు మీది ఆరు భుజాల గడిలోని) కౌంటర్‌ను తీయబోయి చెయ్యి తగిలితే దొంతర కూలిపోతుంది. అదే 1.2 మిల్లీమీటర్ల అట్ట అయితే 7.2 మాత్రమే. ఆటల కంపెనీ అవలాన్ హిల్ 1985లో విడుదల చేసిన అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్‌లో దళం, నాయకుడు, మెషిన్ గన్, పైన ఆ దళం శత్రువుకు కనబడకుండా ఉందని సూచించే మార్కరు ఒకే చోట పేరుకుంటాయి. అటువంటి ఆటకు పలచని అట్టే సుఖం. అందులో సైనిక దళాలకు అర అంగుళం, వాహనాలకు 5/8 అంగుళం కౌంటర్లు వాడటం వల్ల దేన్ని ఎక్కడ వెతకాలో చేతికే తెలిసిపోతుంది. మందపాటి అట్ట బాగుండేది బోర్డు మీద ఒక్కో చోట ఒక్కో కౌంటరే ఉండే ఆటల్లో. అక్కడ వేళ్లతో ఎత్తడం సులువు, అంతే.

నాణ్యతకు నేను వాడే కొలత కోత. డై బ్లేడు పదునుగా ఉన్నప్పుడు అంచు నిటారుగా, గీసినట్టు వస్తుంది. మొద్దుబారితే బ్లేడు కోయకుండా నలుపుతుంది, పై అంచు గుండ్రంగా నొక్కుకుపోయి, కింది కాగితం పొరలుగా లేస్తుంది. కౌంటర్లు రాలిపోకుండా షీటులో పట్టి ఉంచడానికి బ్లేడులో అక్కడక్కడ చిన్న గాట్లు వదులుతారు, అక్కడ తెగకుండా మిగిలే అతుకులను మా ప్రెస్సులో నిక్కులు అనేవాళ్లం. నిక్కు మూలన ఉంటే విడదీసిన తర్వాత మూలల్లో పీచు మిగులుతుంది, పక్కన ఉంటే చిన్న బుడిపె మిగులుతుంది. అందుకే చేత్తో మెలిపెట్టి లాగకుండా పదునైన కట్టర్‌తో నిక్కులు తెంచమంటాను. పీచు మూలలను గుండ్రంగా కత్తిరించడానికి ఒరెగాన్ లామినేషన్స్ అనే కంపెనీ వారి 2, 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో కోసే పరికరాలను ఆటగాళ్లు ఎక్కువగా వాడతారు. మన స్టేషనరీ దుకాణాల్లో దొరికే కార్నర్ కట్టర్లు విజిటింగ్ కార్డుల కోసం చేసినవి, అవి మూలను మరీ లోతుగా కోస్తాయి, అట్ట మందానికి ఇరుక్కుపోతాయి కూడా.

కప్పులోంచి చీటీ తీసినట్టు కౌంటర్లు తీసే ఆటల్లోనూ, శత్రువు కౌంటర్లు బోర్లా ఉండే ఆటల్లోనూ మరో చిక్కు ఉంది. ఒక్క కౌంటర్ మూల చినిగినా, ఒక్కదాని మందం తేడాగా ఉన్నా అదేమిటో వేలికి తెలిసిపోతుంది, దాచిన సమాచారం దాగదు. కాబట్టి మూలలు కత్తిరిస్తే అన్నిటికీ కత్తిరించండి. కంపెనీ తర్వాత పంపే మార్పు షీటు వేరే అట్ట మీద ఉంటే, ఆ ముక్కలను కప్పులో కలపకండి.

వంగిన షీట్లకు వస్తే, కాగితం పీచు తేమ పీల్చినప్పుడు పొడవునా కాక అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. అట్టకు రెండు వైపులా ఉన్న కాగితాలు సమానంగా ఉబ్బకపోతే షీటు ఒకవైపు వంగుతుంది. ఎక్కడో పొడి వాతావరణంలో మూసిన పెట్టెను ఆగస్టులోనో అక్టోబరులోనో విశాఖలో తెరిస్తే జరిగేది ఇదే. బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉండేవాళ్లకు ఇంకా త్వరగా జరుగుతుంది. ఇస్త్రీ పెట్టె జోలికి పోకండి, జిగురు వదులుతుంది. ఏసీ నడిచే గదిలో షీట్లను రెండు చదునైన పలకల మధ్య బరువు పెట్టి కొన్నాళ్లు ఉంచండి. చదునయ్యాకే కౌంటర్లు విడదీయండి, ఎందుకంటే వంగిన షీటులోంచి తీసేటప్పుడే పొరలు ఎక్కువగా లేస్తాయి. తర్వాత మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. మా ఇంట్లో అట్టపెట్టెలోనే వదిలేసిన ఒక ఆట కౌంటర్లకు వర్షాకాలం తర్వాత సన్నని బూజు పట్టింది, డబ్బాలో పెట్టినవాటికి పట్టలేదు.

కంపెనీకి రాయదలచుకుంటే విడదీయకముందే రాయండి. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో, రెండు వైపులవీ, జతచేయండి. చాలా ప్రచురణ సంస్థలు అంకె తెగిన షీటుకు బదులు పంపుతాయి, వంగిన షీటుకు పంపడం అరుదు, పంపినా అదీ ఇక్కడికొచ్చి వంగుతుంది.

పైన వార్నిష్ స్ప్రే కొట్టవచ్చా అని చివర్లో అడిగారు. కొట్టవచ్చు, అంకెలు చెరిగిపోకుండా పనికొస్తుంది. కానీ గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు కొడితే పూత తెల్లగా మసకబారుతుంది, కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసుకుని, ముందుగా షీటు అంచున మిగిలే ఖాళీ అట్ట మీద కొట్టి చూడండి.