చైన్ సా ఎయిర్ ఫిల్టర్‌ను వారానికొకసారి దులిపితే సరిపోతుందా?

కొత్తగా చైన్ సా కొన్నానని, ఎయిర్ ఫిల్టర్‌ను వారానికొకసారి దులిపితే సరిపోతుందా అని మీరు అడిగారు. ప్రకాశం జిల్లాలోని మా సుబాబుల్, జామాయిల్ తోటల్లో పదేళ్లుగా ఈ మిషన్లతో పని చేయిస్తున్నాను. నా అనుభవంలో వారాల లెక్క పనికిరాదు. పచ్చి జామాయిల్ కోసిన రోజున సాయంత్రం ఒకసారి చూస్తే చాలు గానీ, ఎండిన వేప మొద్దులు గానీ, మట్టి అంటిన దుంగలు గానీ కోస్తుంటే పెట్రోలు నింపిన ప్రతిసారీ మూత తీసి చూడవలసిందే.

నా మొదటి మిషన్ పాడైంది శుభ్రం చేయకపోవడం వల్ల కాదు, తప్పుగా శుభ్రం చేయడం వల్ల. పంక్చర్ షాపులో గాలి గొట్టాన్ని ఫిల్టర్‌కు ఆనించి, బయటి నుంచి లోపలికి కొట్టించేవాణ్ని. అది తళతళలాడుతుంటే ఎంతో సంతోషపడేవాణ్ని కూడా. ఒక వేసవిలో స్టార్ట్ చేయడానికి తాడు లాగితే చేతికి బిగువు తగలడం మానేసింది. మెకానిక్ సిలిండర్ విప్పగా, కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) వైపున పిస్టన్ మీద నిలువునా గీతలు కనిపించాయి. ఫిల్టర్‌ను ఎండకు పట్టి చూస్తే, అతుకు దగ్గర సూది మొనంత కన్నం ఉంది.

ఈ మిషన్లలో ఉండే టూ స్ట్రోక్ ఇంజనులో గాలి, పెట్రోలు కలిసి ముందు పిస్టన్ కిందికి, క్రాంకు బేరింగుల మధ్యకు వెళ్లి, ఆ తర్వాతే పైకి చేరతాయి. అక్కడ ఉండే ఆయిల్ అంతా పెట్రోలులో మనం కలిపినదే కనుక, లోపలికి చేరిన సన్నటి దుమ్ము దానితో కలిసి పిస్టన్ రింగులనూ సిలిండర్ గోడనూ అరగదీస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతే పొగ ఎక్కువై, బలం తగ్గి మిషన్ తనే చెబుతుంది. కన్నం పడితే మాత్రం ఏమీ చెప్పదు.

అందుకని మూత తీయడానికి ముందే చోక్ (కార్బురేటర్‌లోకి గాలి వెళ్లే దారిని మూసే పలక) మూసి, చుట్టూ ఉన్న పొట్టును బ్రష్‌తో తుడవండి, లేకపోతే అదంతా కార్బురేటర్ నోట్లో పడుతుంది. నైలాన్ జాలీ ఫిల్టర్ అయితే గోరువెచ్చని సబ్బు నీటిలో కడిగి, పూర్తిగా ఆరిన తర్వాతే బిగించండి. కాగితం రకమైతే తడపకుండా మెల్లగా తట్టండి. పెట్రోలుతో దేనినీ కడగవద్దు. ఫిల్టర్ తీసినప్పుడు కార్బురేటర్ నోటి అంచున వేలితో రుద్ది చూడండి. వేలికి సన్నటి పొడి అంటితే ఫిల్టర్ సరిగా కూర్చోలేదనో, చిరిగిందనో అర్థం. అలాంటప్పుడు కడగడం మాని, కొత్తది వేయడమే మంచిది.

మరొక పొరపాటు కూడా చాలామంది చేస్తుంటారు. ఫిల్టర్ నిండి మిషన్ ఈడ్వడం మొదలుపెట్టగానే కార్బురేటర్ స్క్రూలు తిప్పి పెట్రోలు తగ్గిస్తారు. మర్నాడు శుభ్రమైన ఫిల్టర్ వేయగానే గాలి ఎక్కువై, ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. ముందు ఫిల్టర్ చూడండి, స్క్రూ జోలికి తర్వాత వెళ్లవచ్చు.

ఫిల్టర్ మరీ తొందరగా నిండుతుంటే చైన్‌ను కూడా అనుమానించండి. పదునున్న చైన్ పేళ్లు పేళ్లుగా చెక్కుతుంది, మొద్దుబారినది పిండిలాంటి పొడి రాలుస్తుంది. మా పనివాళ్లు ఆ పొడి కనిపించగానే మిషన్ ఆపి ఆకురాయి తీస్తారు.