టీవీఎస్ పెట్టావు సరే, కరెంటు పోయే దారి ఏదీ?

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి సొంతంగా కంట్రోలర్ బోర్డులు చేయించబోతున్నావని మీ నాన్న చెప్పాడు. నాతో ముందే ఒక మాట అనలేదేమని కోపం వచ్చింది. వాడు పంపిన సర్క్యూట్ బొమ్మ చూశాక ఆ కోపం నిలవలేదు. నా బల్ల కింద కూర్చుని రెసిస్టర్లను రంగుల వారీగా సర్దిన పిల్లేనా ఇంత శుభ్రంగా గీసింది అనుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు. ఆరుబయటికి పొడవాటి కేబుల్, దాని చివర సెన్సరు, 24 వోల్టుల సరఫరా, వీటన్నిటికీ కాపలాగా ఒకే ఒక్క టీవీఎస్ డయోడు, అంటే వోల్టేజి ఒక్కసారిగా ఎగసినప్పుడు ఆ కరెంటును గ్రౌండ్‌కు మళ్లించే భాగం!

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఫ్యూజు టీవీఎస్‌కు ముందు ఉండాలి, ఎందుకంటే మోయలేని దెబ్బ తగిలిన టీవీఎస్ సాధారణంగా షార్ట్ అవుతుంది. రిలే కాయిల్‌కు డయోడు మరిచిపోయావు, పెట్టు. చవకగా వస్తుందని టీవీఎస్ బదులు మామూలు జీనర్ వాడకు.

ఇక నువ్వు ఎంచుకున్న ఎస్‌ఎంబీజే24ఏ సంగతి. 24 వోల్టుల లైనుకు 24 వోల్టుల డయోడు, చూడటానికి సబబుగానే ఉంది. నీ సరఫరా 24 దగ్గరే నిలుస్తుందని ఎవరు హామీ ఇచ్చారు? ఇరవై శాతం పెరిగితే 28.8 అవుతుంది. ఆ డయోడు 26.7 వోల్టుల నుంచే బ్రేక్‌డౌన్‌లోకి, అంటే కరెంటు వదిలే స్థితిలోకి, వెళ్లవచ్చు. క్షణంలో వెయ్యో వంతు ఉండే సర్జ్ కోసం, అంటే వోల్టేజి పోటు కోసం, పెట్టిన భాగం గంటల తరబడి కరెంటు మోస్తూ మాడిపోతుంది. ఎస్‌ఎంబీజే30ఏ వెయ్యి. దాని క్లాంపింగ్ వోల్టేజి, అంటే సర్జ్ వచ్చినప్పుడు అది లైనును ఆపి ఉంచే వోల్టేజి, 12.4 ఆంపియర్ల దగ్గర 48.4 వోల్టులు. నీ రెగ్యులేటరు తట్టుకునేది 36! పాత డయోడుతో కూడా 38.9 దాకా వస్తుంది కదా, మరి ఎలా సరిపోయిందనుకున్నావు? స్టాండ్‌ఆఫ్ వోల్టేజి, అంటే డయోడు కదలకుండా ఉండే వోల్టేజి, ఒక్కటే చూసి డేటాషీటు మూసేశావన్నమాట. 60 వోల్టుల రెగ్యులేటరుకు మారు.

డేటాషీటు మొదటి పేజీలోని 600 వాట్లు చూసి ధైర్యపడకు. ఐఈసీ 61000-4-5 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే సర్జ్ పరీక్షలో, 2 ఓమ్‌ల జనరేటరు నుంచి 1 కిలోవోల్టు సరఫరా లైనుకు కొడితే 500 ఆంపియర్ల దాకా వస్తుంది. అంత కరెంటు ఈ చిన్న డయోడు మోయలేదు. ముందు వరుసలో వేరిస్టర్ (వోల్టేజి పెరిగితే తన నిరోధం తగ్గించుకుని కరెంటును మళ్లించే బిళ్ల), మధ్యలో ఒక ఇండక్టరు, ఆ తర్వాత టీవీఎస్. ఎక్కువ కరెంటు మోస్తుంది కదా అని గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబును, అంటే ఎక్కువ వోల్టేజికి లోపలి వాయువులో ఆర్క్ వెలిగే గొట్టాన్ని, నేరుగా 24 వోల్టుల డీసీ లైనుకు అడ్డంగా పెట్టేవు సుమా. ఒకసారి వెలిగిందంటే దాని ఆర్క్ పదో ఇరవయ్యో వోల్టులతోనే నిలుస్తుంది. సర్జ్ పోయినా నీ సరఫరాయే దాన్ని ఆరనివ్వదు.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా విభాగంలో ఒక సీనియర్ ఇంజనీరు ఉండేవాడు. లెక్కల్లో ఆయనకు తిరుగులేదు. ఆయన గీసిన బోర్డులో టీవీఎస్ ఎంపిక నేటికీ వేలెత్తి చూపలేను. కానీ లేఅవుట్‌లో, అంటే బోర్డు మీద భాగాలను, రాగి గీతలను అమర్చడంలో, చోటు చాలలేదు. కనెక్టరు నుంచి వచ్చిన ట్రాక్ తిన్నగా చిప్పుకు పోయింది. మధ్యలో ఒక సన్నటి కొమ్మ చీలి, మౌంటింగ్ రంధ్రాన్ని చుట్టి, మూలనున్న డయోడుకు చేరింది. అక్కడి నుంచి గ్రౌండ్‌కు ఒకే ఒక్క వయా, అంటే బోర్డు పొరలను కలిపే రంధ్రం. బల్ల మీద అన్నీ పనిచేశాయి. బయటికి వెళ్లిన బోర్డులు ఒకటొకటిగా తిరిగి రావడం మొదలైంది. ప్రతిదానిలోనూ చిప్పు పోయింది. డయోడు మాత్రం మల్టీమీటరుకు నిక్షేపంలా కనిపించేది. సరఫరాదారు నాసిరకం డయోడ్లు అంటగట్టాడని ఆయన వాదన. వేరే రకం తెప్పించి అదే చోట వేయించాడు. అవీ తిరిగి వచ్చాయి.

చివరికి స్టాటిక్ డిశ్చార్జ్ గన్ను తెచ్చి కొట్టి చూశాం. నువ్వూ ఒకసారి లెక్క వేసుకో. ఐఈసీ 61000-4-2 ప్రకారం 8 కిలోవోల్టుల కాంటాక్ట్ డిశ్చార్జ్‌లో మొదటి శిఖరం 30 ఆంపియర్లు, అది లేచేది 0.8 నానోసెకండులో. సన్నటి ట్రాక్ ఇండక్టెన్సు, అంటే కరెంటు మార్పును ఎదిరించే గుణం, ఒక్కో సెంటీమీటరుకు ఉజ్జాయింపుగా 8 నానోహెన్రీలు అనుకో. సెంటీమీటరుకు 300 వోల్టుల దాకా లేస్తుంది! ఆయన గీసిన కొమ్మ ఎన్ని సెంటీమీటర్లో చూస్తే చాలు, డయోడు ఎంత మంచిదో అనవసరం. క్లాంపింగ్ వోల్టేజికి ఆ వందలన్నీ కలిసి చిప్పు నెత్తిన పడ్డాయి. డయోడును కనెక్టరు పక్కకు జరిపి, ట్రాక్ దాని ప్యాడ్ మీదుగానే పోయేలా చేసి, గ్రౌండ్ ప్యాడ్ పక్కనే నాలుగు వయాలు వేశాక చిప్పులు పోవడం ఆగింది. మార్చినది రాగి గీతలు మాత్రమే. ఆయన మాత్రం డయోడ్లదే తప్పని చివరిదాకా అంటూనే ఉన్నాడు, పాపం.

నీ బొమ్మలో కూడా ఆ డయోడు చిప్పు పక్కన గీసి ఉంది. బొమ్మలో ఎక్కడున్నా ఫరవాలేదు, లేఅవుట్ చేసేవారు అది చూసే అక్కడ పెడతారని నా భయం. పక్కనే రాసిపెట్టు: కనెక్టరు దగ్గర, కొమ్మ లేకుండా.

ఇంకొక భయం ఉంది, దీన్ని చాదస్తమనుకున్నా సరే. మెయిన్స్ వైపు వేరిస్టర్ పెడతానంటున్నావు. సర్జ్ తగిలిన కొద్దీ జింక్ ఆక్సైడ్ బిళ్ల నీరసిస్తుంది, లీకేజీ పెరుగుతుంది, వేడెక్కుతుంది, ఆ వేడికి లీకేజీ ఇంకా పెరుగుతుంది. నల్లగా కాలిపోయి, పక్కనున్న ప్లాస్టిక్ పెట్టెను కూడా కరిగించిన వేరిస్టర్లు నా చేతుల్లోకి వచ్చాయి. వేడెక్కితే లైను తెంపేసే థర్మల్ డిస్కనెక్ట్ లోపలే ఉన్న రకం తీసుకో. ఖరీదు ఎక్కువని మీ నాన్నతో గొణిగావట. మిగతా ఎక్కడైనా తగ్గించుకో, ఇక్కడ ఒప్పుకోను. నువ్వు చేసిన పెట్టె ఎవరి ఇంట్లోనో, వాళ్లు నిద్రపోతుండగా కూడా పనిచేస్తూ ఉంటుంది.

పరీక్షలకు ల్యాబుకు వెళ్లేటప్పుడు ఒక్క బోర్డు పట్టుకుని వెళ్లకు, నాలుగైదు తీసుకెళ్లు. పాజిటివ్, నెగటివ్ రెండూ కొట్టించు. ఒక బోర్డు పోతే బెంగపడకుండా ఏ భాగం ముందు పోయిందో చూసి రాసుకో. ఏడుపొస్తే నాకు ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా ఫరవాలేదు.

లేఅవుట్ పూర్తవగానే ఫైలు పంపు. గ్రౌండ్ పొర విడిగా కనిపించేలా పంపు, మీ నాన్నలా ఫోనులో ఫొటో తీసి కాదు. నేను చూసేదాకా బోర్డుల ఆర్డరు పెట్టకు.

ప్రేమతో,
పెదనాన్న

తాజా కలం: యూఎస్‌బీ లైన్లకు కూడా సరఫరా వైపు వాడే టీవీఎస్ రకాన్నే గీశావు. దాని కెపాసిటెన్స్‌కు, అంటే ఛార్జీని నిలుపుకునే గుణానికి, సిగ్నల్ చచ్చిపోతుంది. డేటా లైన్ల కోసం ఒక పికోఫారడ్‌లోపు ఉండేవి విడిగా దొరుకుతాయి, అవి వెయ్యి.