నాన్న దాచిన తుపాకీ తమ్ముడింట్లో ఉంది

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. నాకు 48 ఏళ్లు. మా ముత్తాతకు జమీందారు బహుమానంగా ఇచ్చిన తుపాకీ ఒకటుంది. మూతిలోంచి మందు కూరి పేల్చే రకం, మడమ మీద వెండి తాపడం. నాన్న ఏటా దసరాకు నూనె రాసి ఆయుధపూజలో పెట్టేవారు. ఆయన మంచాన పడ్డ ఆరేళ్లూ నేనే చూసుకున్నాను. ‘ఇది నీదేనమ్మా’ అని ఎన్నోసార్లు అన్నారు. ఆయన పోయాక తమ్ముడు దాన్ని తనింటికి పట్టుకుపోయాడు. ఎవరో నాలుగు లక్షలకు బేరం పెట్టారట. చిన్నాన్న తనకూ వాటా ఉందంటున్నారు. లైసెన్సు తాత పేరున ఉండేది, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. తమ్ముడి మీద పోలీసు కంప్లైంట్ ఇద్దామనుకుంటున్నాను. అమ్మ తిండి మానేసి ఏడుస్తోంది.

జవాబు: అమ్మా, ఆ కంప్లైంట్ మాత్రం కోపం మీద ఇవ్వకండి. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో ఉంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. 2019 సవరణతోనే శిక్ష ఇంతకు పెరిగింది. పాతదే కదా అని కొట్టిపారేయడానికి లేదు. బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పురాతన ఆయుధానికే చట్టం మినహాయింపు ఇస్తుంది. నాన్నగారు ఏటా నూనె పెట్టి కాపాడుకున్న తుపాకీ ఆ లెక్కలోకి వస్తుందో రాదో మీరూ నేనూ చెప్పలేం. మీకు కావలసింది నాన్న గుర్తు. తమ్ముడి మీద క్రిమినల్ కేసు పడాలని మీరు కోరుకోవడం లేదని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

ఇప్పుడు హక్కు మాట. మీకు బాధగా ఉన్నా చెప్పాలి. నోటిమాటగా ఇచ్చినది చట్టం ముందు నిలవడం కష్టం. కదిలే వస్తువును బహుమతిగా ఇస్తే అది చేతికి అందాలి, లేదా రిజిస్టరైన కాగితం ఉండాలి. వీలునామా అయితే రాతలో, ఇద్దరు సాక్షులతో ఉండాలి. అలాగని తమ్ముడిదీ కాదు. ‘ఆడపిల్లకెందుకు’ అనే మాట ఎవరైనా అంటే దానికి చట్టంలో చోటు లేదు. నాన్నగారి వాటాలో అమ్మకు, మీకు, తమ్ముడికి సమాన హక్కు ఉంది. తాతగారి పంపకాలప్పుడు తుపాకీ ఎవరికీ రాయకుండా వదిలేసి ఉంటే చిన్నాన్న అడగడంలోనూ న్యాయం ఉంది. పాత పంపకాల కాగితం వెతికించండి.

నాకు మాత్రం మీ ఉత్తరంలో తుపాకీ కంటే ఆ ఆరేళ్లే ఎక్కువగా కనిపించాయి. పక్క మార్చడం, మందులు, రాత్రిళ్లు మేలుకోవడం. వాటన్నిటికీ నాన్న నోట వచ్చిన ఒక్క మాట ‘ఇది నీదేనమ్మా’. ఆ మాటనే తమ్ముడు ఎత్తుకుపోయినట్టు మీకనిపించింది. ఈ సంగతి మీరు వాడితో ఎప్పుడైనా నోరు విప్పి చెప్పారా? వాటా గురించే చెప్పి ఉంటారు. విజయనగరం గ్రామదేవత పైడితల్లమ్మ కథ మీకు కొత్త కాదు. బొబ్బిలి మీదికి కదిలిన అన్న విజయరామరాజును యుద్ధం వద్దని ఆపబోయిన చెల్లెలు ఆవిడ అని మన పెద్దలు చెబుతారు. అన్న వినలేదు, 1757 జనవరిలో ఆ యుద్ధం ముగియగానే తన గుడారంలోనే హతమయ్యాడు. మీ తమ్ముడికి ఇంకా వినే సమయం ఉంది.

బేరాన్ని వెంటనే ఆపించండి. కాగితం లేకుండా చేతిలో డబ్బు పెడతానంటే అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ ఇరుక్కుంటారు. వందేళ్లు దాటిన వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. 1972 చట్టం ప్రకారం సొంతదారులు దాన్ని దేశం దాటించకూడదు. ఇంకొకటి, పిల్లలున్న ఇల్లు కదా, పాత మందు గొట్టంలో ఉండిపోయి ఉండొచ్చు. ట్రిగ్గర్ లాగి చూడొద్దని తమ్ముడికి ఇవాళే చెప్పండి.

దాన్ని ఎవరూ సంచిలో పెట్టుకుని బయలుదేరకండి. వకీలు ద్వారా ముందు స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్లు చెప్పిన పద్ధతిలో అప్పగించి రసీదు తీసుకోండి. డిపాజిట్ చేసినంత మాత్రాన మీ హక్కు పోదు, కానీ దానికి గడువు ఉంటుంది. ఆలోపు లైసెన్సు ఎవరి పేరున అడగాలో మీలో మీరు తేల్చుకోండి. కుటుంబ ఆయుధానికి వారసులు దరఖాస్తు పెట్టుకునే దారి నిబంధనల్లో ఉంది. తేలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అది కోర్టు తీర్పుతో సమానం, ఫీజు ఉండదు. ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు విలువ కట్టి ఇవ్వొచ్చు, అందరూ ఒప్పుకుంటే మ్యూజియానికీ ఇవ్వొచ్చు. మీ పేరునే ఉండాలని నాకూ ఉంది. అది తమ్ముడు ఇష్టపడి ఒప్పుకుంటేనే మీకు హాయి.

ఈ ఆదివారం అమ్మను వెంటబెట్టుకుని తమ్ముడింటికి వెళ్లండి. లైసెన్సు ఊసు, వాటా ఊసు తర్వాత. వాడు ‘అప్పా’ అని పలకరిస్తే నాన్న చివరి రోజుల గురించి మాట్లాడండి. అమ్మకు అన్నం కలిపి ఇద్దరూ దగ్గరుండి తినిపించండి. తర్వాత తాతగారి పాత లైసెన్సు పెట్టెలో ఉందేమో ఇద్దరూ కలిసి వెతకండి.