‘లేనిదే’ వాక్యంలోని షరతు ఏ వైపు?

సందేహం: ‘రుసుము చెల్లించనిదే దరఖాస్తు స్వీకరించరు’ అనే వాక్యాన్ని షరతు వాక్యంగా మార్చమని రీజనింగ్ పరీక్షలో అడిగారు. ‘రుసుము చెల్లిస్తే దరఖాస్తు స్వీకరిస్తారు’ అన్న జవాబును ఎంచుకున్నాను. తప్పన్నారు. వ్యతిరేకానికి వ్యతిరేకం అనుకూలమే కదా?

సమాధానం: ఒకే విషయాన్ని రెండుసార్లు కాదన్నప్పుడే ఆ సూత్రం వర్తిస్తుంది. ‘రాకుండా ఉండడు’ అంటే వస్తాడనే. మీ వాక్యంలో ఒక వ్యతిరేకం చెల్లించడం మీద, మరొకటి స్వీకరించడం మీద ఉన్నాయి. రెండింటినీ ఉన్నచోటనే తుడిచేస్తే వాక్యం అనని మాటను దానికి అంటగట్టినట్లవుతుంది. రుసుము కట్టినా, సంతకం లేదని దరఖాస్తును తిప్పి పంపవచ్చు. అప్పుడూ మూలవాక్యం అబద్ధం కాదు.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెతనే చూడండి. నిప్పు ఉంటే పొగ వస్తుందని అది చెప్పడం లేదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. మన నైయాయికులు, అంటే న్యాయదర్శనానికి చెందిన తార్కికులు, తరతరాలుగా చూపుతూ వచ్చిన ఉదాహరణ ఇది. సామెత చెప్పేదల్లా పొగ ఉందంటే నిప్పు ఉన్నట్లే అని. ఒకటి ఉన్నచోట మరొకటి తప్పక ఉండే సంబంధాన్ని వారు వ్యాప్తి అంటారు. ‘నిప్పు లేనిచోట పొగ లేదు’ అనడం వ్యతిరేక వ్యాప్తి, ‘పొగ ఉన్నచోట నిప్పు ఉంది’ అనడం అన్వయ వ్యాప్తి. ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లేటప్పుడు వ్యతిరేకాలు పోతాయి, వాటితోపాటు రెండు భాగాల స్థానాలూ తారుమారవుతాయి. మీరు ఆ రెండో పని వదిలేశారు. సరైన రూపం: ‘దరఖాస్తు స్వీకరించారంటే రుసుము చెల్లించినట్లే.’

ఇక్కడ ‘స్వీకరిస్తే’ అనకుండా ‘స్వీకరించారంటే’ అన్నాను, గమనించండి. మన ‘-తే’ రూపం షరతుతోపాటు చాలాసార్లు కాలక్రమాన్ని కూడా సూచిస్తుంది. ‘వాన పడితే చెరువు నిండుతుంది’ అన్నప్పుడు ముందు జరిగేదే ముందు వస్తుంది. ‘దరఖాస్తు స్వీకరిస్తే రుసుము చెల్లిస్తారు’ అని రాస్తే, స్వీకరించిన తర్వాత డబ్బు కడతారనే ఎవరికైనా తోస్తుంది. ఫలితాన్ని బట్టి కారణాన్ని ఊహించేచోట ‘అంటే... అట్లే’ అనే వాక్యమే తెలుగుకు సహజం. ప్రశ్నపత్రాల అనువాదంలో ఈ జాగ్రత్త లోపిస్తే, తర్కం బాగా తెలిసిన అభ్యర్థి కూడా భాష కారణంగా మార్కు పోగొట్టుకుంటాడు. అది అన్యాయం.

‘ఏ పక్షీ క్షీరదం కాదు’ వంటి వాక్యాలతో చిక్కు లేదు: పక్షి అయితే క్షీరదం కాదు, క్షీరదం అయితే పక్షి కాదు.

అసలు ప్రమాదమంతా ‘అందరూ’తోనే. ‘అభ్యర్థులందరూ ఉత్తీర్ణులు కాలేదు’ అంటే ఒక్కరూ కాలేదనా, కొందరు కాలేదనా? రెండర్థాలకూ చోటుంది. మొదటిదైతే ‘అభ్యర్థి అయితే ఉత్తీర్ణుడు కాలేదు’ అని మార్చవచ్చు. రెండోదైతే అలాంటి షరతు వాక్యానికి ఆధారమే లేదు. ఉత్తీర్ణులు కానివారు కనీసం ఒకరున్నారని మాత్రమే తేలుతుంది. ప్రశ్న రాసేవారు మొదటి అర్థానికి ‘ఏ అభ్యర్థీ ఉత్తీర్ణుడు కాలేదు’ అనీ, రెండోదానికి ‘అభ్యర్థుల్లో కొందరు ఉత్తీర్ణులు కాలేదు’ అనీ విడదీసి రాయాలి.